ఎడమ స్టిక్ ఎవరిది

మార్చి 3

మరదలు పిల్లకి,

నువ్వు పంపిన పెట్టె చేరింది. ఆ ముక్క ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఆస్పత్రి నుంచి వచ్చాక నా మాట ముద్దముద్దగా వస్తోంది. మొన్న కరెంటు ఆఫీసుకి ఫోన్ చేస్తే అవతలి పిల్ల "తాగేసి ఫోన్ చేయకండి సార్" అని పెట్టేసింది. కుడిచెయ్యి మాత్రం శుభ్రంగా ఉంది కాబట్టి ఇకనుంచి నీకు ఉత్తరాలే. లిఫ్టులు బాగుచేసుకునేవాడికి ఈ రాతకోతలేమిటని నవ్వకు.

నీ సిమ్యులేటర్ సంగతి. రిమోట్ అచ్చం నా బొమ్మ విమానాల రిమోట్‌లాగే ఉంది. తీగ తీసి కంప్యూటర్‌కి గుచ్చితే తెరమీద పచ్చటి మైదానం, నీలం ఆకాశం, ఒక మబ్బు వచ్చాయి. ఆ మబ్బు కదలదు. మధ్యలో బొమ్మ విమానం నిలబడి ఉంది. కుడి స్టిక్‌తో ముక్కూ రెక్కలూ, ఎడమ స్టిక్‌తో మోటారు వేగమూ, అంతా మామూలే. నా ఎడమచెయ్యే మామూలుగా లేదు. ఎడమ బొటనవేలు అంగుళం కదలమంటే అరంగుళం కదిలి అలిగి కూర్చుంటోంది. విమానం లేవడం, ముక్కు నేలకి కొట్టుకోవడం, ముక్కలవడం. గుండె జారిందనుకున్నావా? లేదు. కింద "రీసెట్" అని ఒక మీట ఉంది. అది నొక్కితే విమానం ఏమీ ఎరగనట్టు మళ్ళీ నిలబడింది. మీ అక్క మంచం మీద పడి పడి నవ్వింది.

ఇది బూటకం అమ్మాయ్. విరిగింది విరిగినట్టు ఉండాలి. లేకపోతే భయమేముంటుంది?

అయినా వదలను. మంచానికి పైన కొక్కేనికి బాతు వేలాడుతోంది చూడు, నాకు పొద్దున్నే దాని పొట్టే కనిపిస్తుంది. కుట్టు మిషన్ మీద నుంచి లేచి, నడుం పట్టేసినా లెక్కచేయక, మీ అక్క ఆ విమానానికి ఒక్కో కర్ర ఎముకా చెక్కి, అతికించి, పైన పల్చటి కవరు ఇస్త్రీ పెట్టెతో ముడత లేకుండా తొడిగింది. చక్రాల మీద తోస్తే అటూ ఇటూ ఊగుతూ నడిచిందని బాతు అని పేరు పెట్టింది. ఇక ఎగరేయడమే తరవాయి అనుకున్న వారంలోనే పక్షవాతం వచ్చి నా ఎడమ పక్క పడిపోయింది. కట్టేది ఆవిడ, ఎగరేసేది నేను, మా ఇంట్లో ఇదే కదా పద్ధతి. జూన్ దాటకుండా దాన్ని ఎగరేయాలి. త్వరగా చెయ్యి వచ్చే ఉపాయమేదైనా ఉంటే రాయి.

నీ సగం బావ (కుడి సగం)

మార్చి 17

సగం బావకి పూర్తి మరదలు రాస్తున్నది,

నువ్వు బూటకం అన్నది నా బతుకుతెరువు, కాస్త చూసి మాట్లాడు. నేను బాగుచేసే సిమ్యులేటర్ ఒక గదంత ఉంటుంది. కాళ్ళ మీద నిలబడి ఊగుతుంది. నిజం పైలట్లు అందులోకి ఇస్త్రీ చొక్కాలతో వెళ్ళి తడిసిన చొక్కాలతో బయటికొస్తారు. పోయిన నెల ఒకాయన, నాన్నంత వయసు, లేని ఇంజిన్‌కి లేని మంట అంటుకుంటే నిజంగా ఏడ్చాడు. భయం లేదంటావేం? నీకు రాలేదంటే నువ్వు దాన్ని ఆటలా ఆడుతున్నావన్నమాట.

ముందు ఇది చెప్పు, గాలి ఎంత పెట్టావు? అందులో గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. నీ సంగతి నాకు తెలుసు, సున్నా పెట్టి ఉంటావు. కొంచెం కొంచెంగా పెంచుతూ పో. గాలిలో వరసగా దించగలిగిన రోజున బయటి మైదానం గురించి ఆలోచిద్దువుగాని.

ఉపాయమేమీ లేదు బావా. చేతికి వ్యాయామం చేయించే ఆవిడ ఆరు నెలలంది కదా, ఆరు నెలలే. జూన్ అని ఎందుకంత తొందర? బాతు ఎక్కడికి పోతుంది?

అక్క గొంతు ఫోన్లో బొంగురుగా ఉంది. జలుబట. చల్లటి నీళ్ళు మానమను. నేను చెప్తే "నువ్వా నాకు చెప్పేది, నీకు జడలు వేసిన చేతులివి" అంటుంది.

నీ బూటకపు మరదలు

ఏప్రిల్ 9

ఇంజనీరమ్మకి,

సున్నాయే పెట్టాను. ఎలా పట్టేశావు? మీ అక్కాచెల్లెళ్ళ దగ్గర ఏదీ దాగదు. ఇప్పుడు పెంచాను. గాలి పెట్టినా ముందు గదిలో నేను మొనగాణ్ణే. కుర్చీలో కూర్చుంటే ఎడమచెయ్యి చెప్పిన మాట వింటోంది. చక్కగా దించుతున్నాను.

అది చూసుకుని మురిసిపోయి, ఆదివారం థర్మకోల్ విమానం పట్టుకుని గోదాముల వెనక మైదానానికి వెళ్ళాను. నీకు తెలిసిన గడియారాల షాపాయన అక్కడే ఉన్నాడు, ఆయనే విమానం విసిరి పెట్టాడు. లేచింది. లేచాక తెలిసింది తేడా. నీ తెరకి నాలుగు అంచులున్నాయి, ఆకాశానికి లేవు. తెరలో విమానం ఎటు పోయినా కళ్ళెదుటే ఉంటుంది. ఇక్కడ మెడ తిప్పాలి, ఎండ కళ్ళలో పడుతుంది, రెక్క పైనా కిందా తెలియని నల్ల గీత ఒకటి మిగులుతుంది. మనవైపుకి తిరిగి వచ్చేటప్పుడు దాని కుడి మన ఎడమ. అదంతా పాత విద్యే, మరిచిపోలేదు.

మరిచిపోయింది చెయ్యి. నాకు భయం వేసింది, అంతే, వేసిన క్షణాన ఎడమచెయ్యి పిడికిలైపోయింది. స్టిక్ లోపల ఇరుక్కుంది. మోటారు పూర్తి వేగంతో అరుస్తోంది, నేను తగ్గించలేను. విమానం గోదాము గోడకి కొట్టుకుంది. తరవాత గడియారాల షాపాయన నా వేళ్ళు ఒకటొకటిగా విప్పాడు. రోజూ పురుగంత చక్రాలు పట్టుకునే వేళ్ళు కదా, మెత్తగానే విప్పాడు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

భయపడితే బిగుసుకుపోయే చేతిని భయం లేని గదిలో ఎన్నాళ్ళు తిప్పి ఏం లాభం? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. చేతికి వేసే ఇంజెక్షన్ ఏదో ఉందంటున్నారు, వేయించుకోనా? మందో మాకో ఏదైనా సరే. నాకు వ్యవధి లేదు.

నీ బావ

ఏప్రిల్ 22

బావకి,

కోపంతో రాస్తున్నాను, తప్పులుంటే దిద్దుకుని చదువు.

నిన్న అక్కతో మాట్లాడాను. ఆదివారం తననీ మైదానానికి తీసుకెళ్ళావట. దుప్పటి కప్పుకుని కారులో కూర్చుని చూసిందట. అంత జలుబుతో ఉన్న మనిషిని గాలిలోకి ఈడ్చుకెళ్ళి, నువ్వు విమానం గోడకి కొట్టుకుంటుంటే చూడమన్నావా? ఆమె నవ్వుతూనే చెప్పింది. ఆమె దేనికి నవ్వదు గనక! నాకు మాత్రం ఒళ్ళు మండింది.

పట్టుదల మంచిదే, మొండితనం వేరు. ఇంజెక్షన్లు అవీ డాక్టర్ని అడగకుండా వేయించుకున్నావంటే నేనే వచ్చి నీ రెండో చెయ్యి కూడా విరిచేస్తాను. బాతు ఎగరడమే ముఖ్యమైతే గడియారాల షాపాయన చేతిలో పెట్టు, నీ పక్కనే ఉన్నాడుగా, హాయిగా ఎగరేస్తాడు. నువ్వే ఎగరేయాలంటే ఆగు. నాలుగు నెలలు ఆగితే కొంపలేమైనా మునుగుతాయా?

మరదలు

మే 1

మరదలికి,

మునుగుతోంది.

అది జలుబు కాదు. కడుపులో గడ్డ, కాలేయం దాకా పాకింది. జనవరిలోనే తెలిసింది, నేను పడిపోవడానికి ముందే. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. "చెప్తే అది ఉద్యోగం మానేసి వచ్చి నా మంచం పక్కన కూర్చుని ఏడుస్తుంది. ఇంట్లో ఏడ్చే మనిషి ఒకరు చాలు" అంది. ఆ ఒక్కరూ ఎవరో నీకు తెలుసు. ఒట్టు తప్పాను. నువ్వు నన్ను ఎన్ని తిట్టినా పడ్డాను గాని, గాలిలోకి ఈడ్చుకెళ్ళావన్న మాట పడలేకపోయాను. వద్దంటున్నా వినకుండా కారెక్కింది తనే.

గడియారాల షాపాయన సంగతి నేనూ అడిగాను. నీకంటే ముందే అడిగాను. "ఆయన ఎగరేస్తే నాకెందుకండీ. మీరు మెడ పైకెత్తి నోరు తెరుచుకుని నిలబడతారు చూడండి, అది చూడాలి నాకు" అంది. ఇన్నేళ్ళూ నేను ఆకాశంలోకి చూస్తుంటే ఆమె నన్ను చూస్తోందట. నాకు ఇప్పుడు చెప్పింది.

డాక్టరు జూన్ అన్నాడు. తరవాత మాట మార్చి, చెప్పలేమన్నాడు. ఏం చేయమంటావో చెప్పు. ముందు గదిలో కూర్చుని స్టిక్‌లు తిప్పుతూ ఉంటాను, లోపలి గదిలో ఆమె దగ్గు వినిపిస్తుంది, అంతే, చెయ్యి బిగుసుకుంటుంది. భయం లేని గది అని రాశాను కదా. ఇప్పుడు అదీ లేదు.

బావ

మే 8

బావా,

ఉత్తరం టాయిలెట్‌లో కూర్చుని చదివాను. బయట ఎవరో తలుపు కొడుతూనే ఉన్నారు. నీ మీద కోపం, అక్క మీద కోపం, జలుబని నమ్మిన నా మీద ఇంకా కోపం. ఇవన్నీ వచ్చాక చూసుకుంటాను. సెలవు అడిగాను. కొత్త యంత్రం బిగిస్తున్నారు, జూన్ పదిహేను దాకా కదలొద్దంటున్నారు. కాళ్ళావేళ్ళా పడుతున్నాను.

ఈలోపు ఒకటి విను. మా పెద్ద సిమ్యులేటర్‌లో రెండు సీట్లుంటాయి. ఒకరికి చెయ్యి ఆడకపోతే రెండోవాళ్ళు అందుకుంటారు. అందుకునేటప్పుడు గట్టిగా పలకాలి. ఇచ్చేవాళ్ళు "నీది" అంటారు, పుచ్చుకునేవాళ్ళు "నాది" అంటారు. అవతలివాళ్ళు "నాది" అనేదాకా ఇచ్చేవాళ్ళు చెయ్యి తీయకూడదు. ప్రాణం పోయినా తీయకూడదు. అదీ రూలు.

నీకు పాడైంది ఎడమచెయ్యి ఒక్కటే. ఎడమ స్టిక్‌కి ఉన్న పనల్లా మోటారు వేగం పెంచడం, తగ్గించడం. కుడి స్టిక్ నువ్వు పట్టుకో. ఎడమ స్టిక్ నీ పక్కమనిషికి ఇవ్వు. ఇద్దరూ కలిసి సిమ్యులేటర్ మీద బాగా సాధన చేయండి. "నాది, నీది" మరవకండి. అప్పుడు ఎగరేసింది నువ్వే అవుతావు, అక్క నిన్నే చూస్తుంది.

దానికి నా ముద్దులు. నాకు తెలిసినట్టు చెప్పకు. చెప్పినా ఫరవాలేదు. నాకేం తోచడం లేదు.

నీ మరదలు

మే 20

బంగారు మరదలికి,

నీ నోట్లో పంచదార పోయాలి! ఇంత తెలివి నాకెందుకు రాలేదు? కంప్యూటర్ లోపలి గదిలోకి మార్చాను. మంచం మీద వాలుగా దిండ్లు పెట్టి మీ అక్కని కూర్చోబెట్టాను. అన్నం తినే బల్లపీట ఇద్దరి ఒళ్ళోకీ వచ్చేట్టు పెట్టి, దాని మీద రిమోట్. కుడి స్టిక్ నాది, ఎడమ స్టిక్ నా పక్కమనిషిది. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషిని పెట్టుకుని నేను ఊరంతా వెతికాను.

బాతుని పుట్టించిన మనిషి గాని ఎప్పుడూ స్టిక్ ముట్టుకోలేదు కదా. మొదట్లో "అమ్మో" అనేది. ఇప్పుడు నన్నే కసురుతోంది. కుట్టు మిషన్ తొక్కిన లెక్కట, ఎక్కడ వేగం పెంచాలో ఎక్కడ తగ్గించాలో తనకి తెలుసట. నిజంగానే తెలుసు. ఒక్కటే తంటా. నువ్వు చెప్పిన రూలులో "నీది" అనడానికి మీ అక్కకి నోరు రావడం లేదు. "మొగుణ్ణి పట్టుకుని నీది అని ఎలా అంటానండీ" అని "మీది" అంటోంది. విమానం తలకిందులుగా పడిపోతున్నా మర్యాద తగ్గదు! చెయ్యి నొప్పి పుడితే "మీది" అంటుంది, నేను "నాది" అని కుడిచెయ్యి దాటించి అందుకుంటాను. కాసేపు రెండు స్టిక్‌లూ ఒక్క చేత్తోనే నెట్టుకొస్తాను.

కూలిపోతే రీసెట్ మీట ఆమెదే. నన్ను నొక్కనివ్వదు. అది నొక్కి విమానం మళ్ళీ లేచి నిలబడితే చిన్నపిల్లలా చూస్తుంది. నువ్వేమన్నా అను, నీ సిమ్యులేటర్ నేర్పే అబద్ధం అదే, ఏది పడిపోయినా లేస్తుందని. కాని ఆమెకి ఆ అబద్ధం నచ్చింది, నాకు వాదించే ఓపిక లేదు.

మోటారు మోతా గాలి హోరూ తలనొప్పి తెస్తున్నాయంటే చప్పుడు ఆపేశాను. గాలి కూడా మళ్ళీ సున్నా. నీకు చెప్పేశానని తెలిసి ఒక పూట మాట్లాడలేదు. తరవాత "ఎప్పుడొస్తానందీ" అని అడిగింది.

నీ బావ

మే 27

బావా,

నీ పక్కమనిషి అంటే నేను రాసింది గడియారాల షాపాయన్ని! మైదానంలో నీ పక్కన నిలబడే మనిషిని! అక్కకి కూర్చునే ఓపికైనా ఉందా? చదవగానే నెత్తి కొట్టుకున్నాను. వద్దు, మానేయండి అని పెద్ద ఉత్తరం మొదలుపెట్టాను. దానికి కుట్టు మిషన్ లెక్కలు గుర్తొచ్చాయన్న దగ్గరికి మళ్ళీ వెళ్ళి చదువుకుని, ఆ ఉత్తరం చించేశాను. సరే కానీ.

కాని చప్పుడు పెట్టు బావా, గాలి పెట్టు. నిశ్శబ్దంలో నేర్చుకున్న మాట హోరులో వినపడదు. మా దగ్గర అందుకే చెవులు చిల్లులు పడేలా మోత పెడతారు. దానికి తలనొప్పైతే కాసేపే పెట్టు, కాని పెట్టు.

సెలవు దొరికింది, జూన్ పదహారున బయల్దేరుతున్నాను. నేను వచ్చేదాకా ఆగండి. ముగ్గురం వెళ్దాం. అక్కని చక్రాల కుర్చీలో తోసేది నేను. ఆగుతారు కదూ?

మరదలు

జూన్ 6

మరదలికి,

ఆగలేకపోయాం. నీ ఉత్తరం చేరేసరికే అయిపోయింది. సోమవారం లేచి, "ఇవాళ నాకు బాగుంది, రేపు ఉండదు" అంది. గడియారాల షాపాయన షాపు మూసి వచ్చాడు. కొక్కెం మీద నుంచి బాతుని దించాడు, చక్రాల కుర్చీలో మీ అక్కని తోశాడు. నేను కర్ర కుర్చీ వేసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. ఒళ్ళో అన్నం బల్లపీట, దాని మీద అసలు రిమోట్.

ఎగిరింది. ఏం రాయను? ఆమె బొటనవేలు పైకి తోసింది, నేను ముక్కు ఎత్తాను, బాతు ఊగుతూ ఊగుతూ పరిగెత్తి నేల వదిలింది. నాకు భయం వేసింది, ఎడమచెయ్యి పిడికిలి బిగిసింది. బిగిస్తే బిగిసింది, నా మోకాలి మీద పడి ఉంది, దానితో పనేముంది? పసుపు రెక్కల్లోంచి ఎండ కనిపించింది, తను చెక్కిన ఎముకలన్నీ లెక్కపెట్టొచ్చు. నేను పైకి చూస్తున్నాను. ఆమె ఎక్కడ చూస్తోందో నాకు తెలుసు. "తెరుచుకున్నారు నోరు" అంది.

దించేటప్పుడు మావైపుకి తిరిగింది. గాలి లేచింది. చెవుల్లో హోరు. ఒక రెక్క వాలింది, వాలిన వైపుకే స్టిక్ తోసి నిలబెట్టాను. ఇంకాస్త కిందికొస్తే నేలే. అప్పుడు ఆమె ఏదో అంది. నాకు "మీదికి" అని వినిపించింది. ఎదురుగా నాకు కనిపించని తీగేదో చూసిందనుకున్నాను. పైకి లాగాను.

ఆమె అన్నది "మీది". వేళ్ళలో ఓపిక అయిపోయి స్టిక్ నన్ను అందుకోమంది. ఆ వేళ్ళ బరువుకే స్టిక్ కిందికి జారి మోటారు ఆగిపోయి ఉంది. వేగం లేని విమానాన్ని పైకి లాగితే ఏమవుతుందో నీకు చెప్పాలా? ముక్కెత్తి ఒక్క క్షణం అలా నిలబడి, పక్కకి ఒరిగి పడిపోయింది. ఎండుపుల్లలు విరిచినట్టు చప్పుడయింది.

గడియారాల షాపాయన పరిగెత్తాడు. మేమిద్దరం కూర్చునే ఉన్నాం. ఆమె వేలు రిమోట్ మీద వెతుకుతోంది, ఇక్కడా అక్కడా తడుముతోంది. "ఏమండీ, ఇందులో రీసెట్ ఎక్కడుందీ?" అంది. ఎగతాళి చేస్తోందో, మందుల మత్తులో నిజంగానే అడుగుతోందో నాకు తెలియలేదు. మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. "ఇందులో పెట్టలేదే" అన్నాను. "పెట్టాల్సింది" అంది.

ముక్కలన్నీ సంచిలో వేసి తెచ్చాం. అప్పటినుంచి మీ అక్క మంచం మీద నుంచి లేవలేదు. సెలవు సంగతి వదిలెయ్. బయల్దేరు.

బావ

జూలై 11

బావా,

తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరాను. అక్కడ ఉన్నన్నాళ్ళూ నిన్ను ఒక్క మాట అడగలేకపోయాను. ఇంటినిండా జనం, నువ్వేమో మాట్లాడలేవు. మాట్లాడబోతే ఆ ముద్ద మాట మధ్యలోనే ఏడుపైపోతోంది.

నేను రైలు దిగేసరికే అయిపోయింది. ఒక్క పూట తేడా. నాకోసం ఏమైనా చెప్పిందా? చివర్లో ఏమంది? ఏమీ అనకపోతే అనలేదనే రాయి. నా మనసు కుదుటపడ్డానికి ఏదో ఒకటి కల్పించి రాయకు.

తింటున్నావా? గడియారాల షాపాయనకి ఫోన్ చేస్తే, నువ్వు బాతు ముక్కల సంచి విప్పనివ్వడం లేదన్నాడు.

మరదలు

జూలై 24

అమ్మాయికి,

తింటున్నాను. సిమ్యులేటర్ కూడా పెడుతున్నాను. ఒంటిచేత్తో లేపుతాను, పడిపోతుంది. పడ్డాక మీట నొక్కను. ముక్కల్ని చూస్తూ కూర్చుంటాను. ఆ మబ్బు మాత్రం కదలదు.

నీకోసం చెప్పింది. ఆ ముందు రోజు తెలివిలో ఉన్నప్పుడు, "అది వస్తే నా కత్తెర దానికివ్వండి, గుడ్డకి తప్ప దేనికీ వాడొద్దనండి" అంది. నువ్వున్నప్పుడు ఇద్దామనుకుని నోరు తెరిచాను, నువ్వు చూశావుగా ఏమైందో. పార్సిల్ చేస్తున్నాను.

ఇక చివర్లో ఏమందో. కల్పించొద్దన్నావు కాబట్టి జరిగినట్టే రాస్తున్నాను.

పొద్దెక్కాక. కిటికీ తీసి ఉంది. నేను మంచానికి కుడివైపున కూర్చుని ఉన్నాను, కాబట్టి ఆమె చెయ్యి నా ఎడమచేతిలో ఉంది. ఆమె పైకి చూస్తోంది. పైన బాతు లేదు, కొక్కెం ఒక్కటే. పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టాను. "మీది" అంది. ఆ తరవాత ఇంకో అక్షరం ఉందో లేదో నాకు తెలియదు. చెవులు రిక్కించుకుని విన్నాను, ఈసారి గాలి కూడా లేదు, అయినా తెలియలేదు. మళ్ళీ అంది.

నాకు నీ రూలు గుర్తొచ్చింది. అవతలివాళ్ళు "నాది" అనేదాకా ఇచ్చేవాళ్ళు చెయ్యి తీయకూడదు కదా. ప్రాణం పోయినా తీయకూడదని నువ్వే రాశావు. అందుకని నేను "నాది" అనలేదు. పళ్ళు బిగించి, నోరు మూసుకుని కూర్చున్నాను. నేను అనకపోతే తను వదలకూడదు. రూలంటే మీ అక్కకి ఎంత పట్టింపో నీకు తెలుసు.

ఆమె నావైపు చూసింది. నేను అనలేదు.

గడియారాల షాపాయన పాలు పట్టుకుని వచ్చేసరికి నేను అలాగే ఉన్నాను. నా ఎడమచెయ్యి బిగుసుకుపోయి ఉంది. ఆమె చేతి మీద నుంచి నా వేళ్ళు ఈసారి కూడా ఆయనే ఒకటొకటిగా విప్పాడు.

బావ